తూటా ఎవరిది, సంతకం ఎవరిది?

ఎల్ సాల్వడార్‌లో ఎల్ మొజోతె అనే కొండ ఊరు ఉంది. అక్కడ చర్చి పక్కన కూలిపోయిన చిన్న ఇంటిని 1992లో అర్జెంటీనా నుంచి వచ్చిన ఫోరెన్సిక్ బృందం తవ్వింది. ఆ ఒక్కచోటే 143 మంది ఎముకలు దొరికాయి. అందులో 131 మంది 12 ఏళ్లలోపు పిల్లలు. తవ్వకాల్లో దొరికిన ఖాళీ తూటాల అడుగున ముద్ర ఇంకా చెరిగిపోలేదు. ముద్ర చదవగలిగిన 184 తూటాలూ అమెరికా ప్రభుత్వం కోసం మిస్సోరిలోని లేక్ సిటీలో తయారైనవే.

1981 డిసెంబరులో ఆ ఊరి మీద పడింది అట్లకాట్ల్ బెటాలియన్. అమెరికా దగ్గరుండి శిక్షణ ఇచ్చిన ఎల్ సాల్వడార్ సైనిక దళం అది. ఊరివాళ్లను ఊచకోత కోసింది.

చట్టం ఉంటే ఇలాంటివి ఆగుతాయంటారు. చట్టం వచ్చింది కూడా. ఊచకోత జరిగిన మూడు వారాల్లోపే అమెరికా కాంగ్రెస్ షరతు పెట్టింది. ఎల్ సాల్వడార్ ప్రభుత్వం మానవ హక్కుల కోసం గట్టిగా ప్రయత్నిస్తోందని, సైన్యాన్ని అదుపులో పెట్టుకుంటోందని ఆరు నెలలకోసారి అధ్యక్షుడు ధ్రువీకరిస్తేనే సైనిక సాయం అందుతుంది. 1982 జనవరి 27న రెండు పెద్ద పత్రికలు ఎల్ మొజోతె వార్తను మొదటి పేజీలో వేశాయి. మర్నాడే రీగన్ సంతకం పెట్టేశారు.

ఆ తర్వాతే అమెరికా రాయబార కార్యాలయం నుంచి ఇద్దరు విచారణకు బయల్దేరారు. హెలికాప్టర్‌లో ఊరి మీదుగా వెళ్లారు. చుట్టుపక్కల జనాన్ని అడిగారు, అదీ సైనికులు పక్కనుండగా. ఊళ్లో మాత్రం కాలు పెట్టలేదు. సైన్యమే చంపిందనడానికి ఆధారాలు లేవని విదేశాంగ శాఖ కాంగ్రెస్‌కు చెప్పేసింది. సాయం ఇవ్వాలని పట్టుబట్టిందీ, అర్హత ఉందని రాసిచ్చిందీ ఒకే ప్రభుత్వం. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నాడు. 1983లో కాంగ్రెస్ ఆ షరతును పొడిగించబోతే రీగన్ దాన్నీ తొక్కిపెట్టారు.

తర్వాత వచ్చిన వాటిలో నాకు కాస్త పదునుగా కనిపించేది 1997 నాటి లేహీ చట్టం. సెనేటర్ పాట్రిక్ లేహీ దేశం మొత్తాన్ని కాకుండా సైనిక దళాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఫలానా దళం హింసలు పెట్టిందని, మనుషుల్ని మాయం చేసిందని, చంపిందని, అత్యాచారాలకు పాల్పడిందని నమ్మదగ్గ సమాచారం ఉంటే ఆ దళానికి సాయం ఆగాలి. ఆలోచన బాగుంది. కానీ ఈజిప్టు లాంటి దేశాలకు ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం గంపగుత్తగా వెళ్తుంది. ఏ తుపాకీ ఏ దళం చేతికి పోయిందో పట్టుకునేదెవరు? పైగా నేరస్థులపై అక్కడి ప్రభుత్వం చర్యలు తీసుకుంటోందని విదేశాంగ శాఖ అనుకుంటే ఆ దళానికి మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. సంతకం మళ్లీ పాతచోటికే వచ్చింది.

ఇంకో చిక్కు, సొంత డబ్బుతో ఆయుధాలు కొనుక్కునే దేశం ఈ చట్టం కిందికి రాదు. 2018 ఆగస్టులో యెమెన్‌లోని దహ్యాన్‌లో పిల్లల బస్సు మీద సౌదీ కూటమి వేసిన బాంబు అమెరికాలో తయారైంది. 40 మంది పిల్లలు పోయారు. మరుసటి ఏడాది సౌదీ, యూఏఈలకు ఆయుధాల అమ్మకాన్ని ఆపమని కాంగ్రెస్ తీర్మానాలు చేస్తే ట్రంప్ వీటో చేశారు. వీటోను దాటాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అవి రాలేదు.

అందుకే లెక్క తిరగెయ్యాలంటాను. పెద్ద అమ్మకాన్ని ఆపడానికి కాంగ్రెస్ ఓటు వెయ్యడం కాదు, సాగనివ్వడానికి వెయ్యాలి. ఓటు పడకపోతే సరుకు కదలకూడదు. దళాల రికార్డు చూసేవాళ్లు ఆయుధాలు పంచే శాఖలో జీతగాళ్లు కాకూడదు. మనం ఇవ్వకపోతే చైనా ఇస్తుంది, రష్యా ఇస్తుంది అనే వాదన ఎలాగూ వస్తుంది. రీగన్ రోజుల్లోనూ కమ్యూనిస్టుల పేరు చెప్పి ఇదే అన్నారు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోవడానికి లేదు. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌తో కలిసి అదానీ గ్రూపు డ్రోన్ల ఫ్యాక్టరీని 2018లో తెరిచింది మన హైదరాబాద్‌లోనే. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతిని ఆపాలన్న పిటిషన్‌ను 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానం తమ పరిధిలోది కాదంటూ. 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలు. 2029కి 50 వేల కోట్లకు చేర్చాలన్నది లక్ష్యం. ఆ లక్ష్యం కోసం పరుగెత్తేది రక్షణ శాఖ. ఆయుధాల ఎగుమతికి అనుమతి పత్రం మీద సంతకం పెట్టేదీ ఆ శాఖ కిందున్న రక్షణ ఉత్పత్తి విభాగమే.