కనుమ నాటి షార్ప్‌షూటర్

కుస్తీ పట్లన్నిట్లోకీ ఇంట్లో వేయకూడని పట్టు షార్ప్‌షూటర్. బాడీస్లామ్‌తో భయం లేదు, ఎవరూ ఎత్తలేరు గనక. 45 ఏళ్ల మనిషి 85 కిలోల బావని ఎత్తబోతే మోకాళ్లు వంచిన దగ్గరే కథ ఆగిపోతుంది, కాస్త జండూబామ్‌తో సరి. ఎదుటివాడి తల చంకలో ఇరికించి నేలకేసి కొట్టే డీడీటీ వేయాలంటే వేసేవాడు కూడా వెల్లకిలా పడాలి కాబట్టి, కింద గచ్చు చూడగానే బుద్ధి దానంతటదే వస్తుంది. షార్ప్‌షూటర్‌కి ఈ అడ్డంకులేవీ లేవు. చాప మీద పడుకుని నాలుగు కాళ్లూ ఒకదాంట్లో ఒకటి దూర్చితే చాలు. తీయడం సంగతి తర్వాత.

దీనికి ముహూర్తం కూడా ఉంది. కనుమ మధ్యాహ్నం. గారెలూ నాటుకోడి పులుసూ అయ్యాక, అత్తారింటికొచ్చిన అల్లుడు పట్టుపంచె విప్పేసి, పండక్కి పెట్టిన కొత్త లుంగీ కట్టుకుని ముందుగదిలో ఒరుగుతాడు. అదే సమయానికి బావమరిది అటక మీద ఇంకేదో వెతకబోయి పాత బిస్కెట్ల డబ్బా దించుతాడు. మూత తీస్తే, కరిగి అంటుకుపోయిన రబ్బరుబ్యాండు కింద డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు, అంటే అమెరికా కుస్తీవీరుల కొలతలు పోల్చి ఆడుకునేవి.

ఇక నిద్రెవరికి? ర్యాంక్, హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్, ఫైట్స్ ఫాట్, ఫైట్స్ వన్. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు ఎప్పుడో మర్చిపోయినవాళ్లకి కూడా కొండంత మనిషి యోకోజునా కార్డు వస్తే వెయిట్ అడగాలని ఇప్పటికీ గుర్తే. జెయింట్ గొంజాలెజ్ వస్తే కళ్లు మూసుకుని హైట్. ఎనిమిదడుగులని చాటింపు వేసేవారు. ఆ అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడు నిజంగా అంత లేడు. ఒంటి మీది కండలూ ఆయనవి కావు, తొడుక్కున్న బట్ట మీద రంగులతో వేసి మధ్యమధ్య బొచ్చు అతికించారు. 1993 రెసిల్‌మేనియాలో ఆ వేషంతోనే, శవాల్ని పూడ్చేవాడిలా తయారయ్యే అండర్‌టేకర్ మీదికొచ్చి, ముక్కుకి క్లోరోఫాం గుడ్డ పెట్టి డిస్‌క్వాలిఫై అయ్యాడు. అంత మనిషీ చేసింది ఆఖరికి రైల్లో మత్తుబిస్కెట్లు పంచేవాడి పని.

మొదటి పావుగంట మామూలు తగాదాలు. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని బావ. అదేం లేదు, 1994 జనవరిలో యోకోజునా ముఠా శవపెట్టెలో కుక్కితే నడుం నొప్పికి సెలవు పెట్టాడు, ఆగస్టు సమ్మర్‌స్లామ్‌కి తిరిగొచ్చేసరికి ఇంకో నకిలీ అండర్‌టేకర్ తయారుగా ఉన్నాడు, మనకి లెక్క తప్పింది అక్కడే అని బావమరిది. యోకోజునా జపాన్‌వాడని ఒకరు, కాదు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన సమోవా కుటుంబంవాడని ఇంకొకరు. ఇవన్నీ ఏ పండక్కైనా ఉండేవే. వీటితో ఎవరికీ పిక్క పట్టదు.

అసలు గొడవ బ్రెట్ హార్ట్ కార్డు పైకి తేలినప్పుడు మొదలైంది.

1992 ఆగస్టు 29, లండన్ వెంబ్లీ స్టేడియం, సమ్మర్‌స్లామ్. ప్రకటించిన లెక్క ప్రకారం 80,355 మంది జనం. ఇంటర్‌కాంటినెంటల్ బెల్ట్ బ్రెట్‌ది, ఎదురుగా బ్రిటిష్ బుల్‌డాగ్. బుల్‌డాగ్ భార్య డయానా బ్రెట్‌కి సొంత చెల్లెలు. అంటే అది బావా బావమరదుల మ్యాచ్. రాండీ సావేజ్, అల్టిమేట్ వారియర్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌ని ముందే కానిచ్చేసి, దీన్ని ఆఖర్న పెట్టారంటే దాని గిరాకీ ఊహించుకోవచ్చు. పాతిక నిమిషాలు నడిచింది. చివర్లో బ్రెట్ బుల్‌డాగ్ మీదుగా దూకి వెనక్కి పడేసే సన్‌సెట్ ఫ్లిప్ వేయబోతే, బుల్‌డాగ్ అతని మీదే చతికిలబడి, కాళ్లు ఒడిసిపట్టి పిన్ చేశాడు, అంటే మూడు లెక్కపెట్టేదాకా భుజాలు నేలకి ఆనించి ఉంచాడు.

“బ్రెట్ ఓడిపోయాడు” అన్నాడు బావ.

“ఓడిపోలేదు బావా, గెలిపించాడు. మీ బుల్‌డాగ్‌కి మొదట్లోనే ఆయాసమొచ్చి అనుకున్నవన్నీ మర్చిపోయాడు. చెవిలో చెప్తూ మ్యాచంతా లాక్కొచ్చింది బ్రెట్టే. తర్వాత ఆయనే చెప్పాడు.”

“ఓడిపోయినవాడు తర్వాత ఏదైనా చెప్తాడురా.”

ఫలితం ముందే రాసిపెట్టిందని ఇద్దరికీ తెలుసు. తెలిస్తే మాత్రం? పొద్దున్నే కర్ణుడు పోతాడని తెలిసీ తెల్లవార్లూ నాటకం చూడలేదా. బావమరిదికి మండింది ‘ఓడిపోయాడు’ అన్న మాట కాదు, ఆ తర్వాత బావ వేసిన ప్రశ్న. “అయినా ఇద్దరూ కింద పడున్నప్పుడు పడుకునే షార్ప్‌షూటర్ వేశాడన్నావే, అదెలా కుదురుతుందిరా?”

ఇక్కడ పట్టు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మామూలు షార్ప్‌షూటర్‌లో కిందవాడు వెల్లకిలా ఉంటాడు. వేసేవాడు అతని రెండు కాళ్ల మధ్య ఒక కాలు పెట్టి నిలబడి, ఆ కాలి చుట్టూ కిందవాడి పిక్కల్ని ఒకదాని మీదొకటి అడ్డంగా వేసి, పైనున్న పాదాన్ని చంకలో బిగిస్తాడు. తర్వాత అతని మీదుగా దాటి బోర్లా తిప్పి, వెనక్కి కూర్చుంటాడు. బరువంతా కిందవాడి నడుం మీద పడుతుంది. జపాన్‌లో రికి చోషు దీన్ని ‘సాసోరి-గాటామే’ అంటే తేలుపట్టు అని వేసేవాడు. అమెరికా రెజ్లర్ స్టింగ్ కూడా తన పట్టుకి తేలు పేరే పెట్టుకున్నాడు. తర్వాతి రోజుల్లో ‘ద రాక్’ అనే రెజ్లర్ వేసినదాన్ని కూడా షార్ప్‌షూటర్ అనే అనేవారు గానీ, కాళ్లు రెండూ కూరగాయల సంచిలా పట్టుకుని కూర్చోవడాన్ని పట్టు అనడం ఈ వ్యాసానికి ఇష్టం లేదు.

వెంబ్లీలో ఇద్దరూ ఒకేసారి క్లోత్స్‌లైన్‌లు, అంటే మెడకి అడ్డంగా చేతిదెబ్బలు, తిని పడిపోయారు. బ్రెట్ లేవకుండానే తన కాళ్లతో బుల్‌డాగ్ కాళ్లు మెలేసి, అలాగే తిరిగి పట్టులోకి వచ్చాడు. చూడ్డానికి మహా గొప్పగా ఉంటుంది. అయితే ఇలాంటి పట్లలో సగం పని కిందవాడిదే. మోకాళ్లు వదులుగా మడవాలి, పైవాడు తిరిగే వైపే తనూ నడుం తిప్పాలి, ఇదంతా చేస్తూ ప్రాణం పోతున్నట్టు మొహం పెట్టాలి. ఎలా కుదురుతుందో చూపిస్తానని బావమరిది చాప మీద పట్టు వేస్తే, బావ మొహం బాగానే పెట్టాడు. మోకాళ్లు మాత్రం బిగబట్టాడు, కుదరదని నిరూపించాలి గనక.

రెండో తేడా బట్టల దగ్గర. రెజ్లర్ వేసుకునేది ఒంటికి అతుక్కునే సాగే బట్ట, కింద పిక్కల దాకా లేసులు కట్టిన బూట్లు. ఎక్కడా పట్టుకోవడానికి అరంగుళం గుడ్డ దొరకదు. ఇక్కడున్నది రెండు మీటర్ల కొత్త లుంగీ, ఒక్కసారి కూడా తడపలేదు, గంజి అట్టకట్టినట్టుంది. బావమరిది తిరిగినప్పుడు కాళ్లతోపాటు లుంగీ కూడా తిరిగింది. ఒక చుట్టు బావ మోకాళ్ల కింద, ఇంకో చుట్టు బావమరిది చీలమండకి. గంజిబట్ట జారదు, మడత మీద మడత కరుచుకుని కూర్చుంటుంది.

బావ దీవాన్ కోడు పట్టుకుని “రోప్ బ్రేక్! రోప్ బ్రేక్!” అని అరిచాడు. రూలు ప్రకారం తాడు అందితే పట్టు వదిలేయాలి, రిఫరీ ఐదు లెక్కపెడతాడు. మేనల్లుడు ఫోన్లో వీడియో తీస్తూ ఐదూ లెక్కపెట్టాడు.

“వదలరా!”

“వదిలి చాలాసేపైంది బావా. మీరే పట్టుకున్నారు.”

ఇలాంటప్పుడు ఒకరు కదలకుండా ఉండాలి, రెండోవాళ్లు వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఇద్దరూ ఇంజినీర్లు కావడంతో ఇద్దరూ తిరిగారు. “ఎడమకి!” అన్నాడు బావ. ఎవరి ఎడమకి వాళ్లు దొర్లారు. తలలు చెరో వైపు ఉన్నాయి కాబట్టి ఒకరు వీధివైపు, ఒకరు పెరటివైపు. తడి దుప్పటి పిండేటప్పుడు చెరో కొస పట్టుకుని తిప్పేది సరిగ్గా ఇలాగే.

అప్పుడు బావకి పిక్క పట్టేసింది. పిక్క పడితే మోకాలు చాపి, కాలివేళ్లని తనవైపు లాక్కోవాలి. మోకాలు లుంగీలో ఉంది. వేళ్లు బావమరిది చంకలో ఉన్నాయి.

కేకలు విని అక్క వచ్చింది. వెంబ్లీలో డయానా రింగ్ పక్కన కూర్చుని, అన్నని చూడాలా మొగుణ్ని చూడాలా తెలియక కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్క అన్నని, అంటే తమ్ముణ్ని చూడలేదు, మొగుణ్నీ చూడలేదు. “ఏవండీ, అది కొత్త లుంగీ!” అంది.

అత్తగారు తలుపు చాటునుంచే, కొబ్బరినూనె రాస్తే జారుతుందేమో అంది. మంచి సలహానే. కానీ సంక్రాంతి చలికి నూనె సీసాలో మైనంలా గడ్డకట్టుకుని ఉంది. సీసాని ఎండలో పెడదామా, వేణ్నీళ్లలో పెడదామా అని వంటింట్లో కాసేపు చర్చ జరిగింది. ఈలోగా ఇద్దరూ అలిసి వెల్లకిలా వాలిపోయారు. నాలుగు భుజాలూ నేలకి ఆనడం చూసి మేనల్లుడు గబగబా మూడు కొట్టాడు. డబుల్ పిన్. డ్రా అయితే బెల్ట్ చాంపియన్ దగ్గరే ఉంటుందని బావమరిది, డబ్బా మూత తెరిచినప్పట్నుంచీ చాంపియన్ ఎవరో ముందు తేల్చమని బావ.

అక్క కుట్టుమిషను సొరుగులోంచి పెద్ద కత్తెర తెచ్చింది. పండగపూట కొత్తబట్టకి కత్తెరేమిటని అత్తగారు వద్దంటున్నా వినకుండా, మోకాళ్ల దగ్గర మెలిక తిరిగినచోట రెండు ఆకులూ దూర్చి కరకరా కోసింది. కాళ్లు విడిపడ్డాయి. ఎవరి కాలు ఏదో తెలియడానికి ఇద్దరికీ కొంచెం టైం పట్టింది.

“ఇది డీక్యూ, డిస్‌క్వాలిఫికేషన్ బావా” అన్నాడు బావమరిది చీలమండ రుద్దుకుంటూ. “మీ ఆవిడ బయటినుంచి వస్తువు తెచ్చింది. డీక్యూలో బెల్ట్ మారదు.”

“మా ఆవిడ ఎప్పుడైందిరా? కత్తెర తేనంతవరకూ మీ అక్కేగా!”

వెంబ్లీలో బ్రెట్ మొదట అలిగినట్టు వెళ్లబోయి, మళ్లీ వెనక్కొచ్చి బావని కౌగిలించుకున్నాడు, మధ్యలో డయానా వచ్చి చేరింది. ఇక్కడ అక్క లుంగీ ముక్కలు రెండూ ఏరి, మసిగుడ్డలకి పనికొస్తాయో లేదో వెలుతురులో పెట్టి చూసుకుని, “టీ వంటింట్లో ఉంది, లేవగలిగినవాళ్లు వచ్చి తాగండి” అని వెళ్లిపోయింది.

మేనల్లుడు మళ్లీ ఫోను ఎత్తి, పదిదాకా లెక్కపెట్టాడు. ఇద్దరూ లేవలేదు.