వారసత్వ భవనమును స్మార్టుగా మార్చు విధంబెట్టిదనగా

పాత విశ్వవిద్యాలయ భవనాన్ని నేటి అవసరాలకు తగ్గట్టు మలచాలని కంకణం కట్టుకున్న పెద్దలకు ముందుగా ఒక హెచ్చరిక. ఆ భవనం ఇప్పటికే పనిచేస్తూ ఉండొచ్చు. హైదరాబాదు కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు కోసం కట్టిన భవనంలోకి 1949లో మహిళా కళాశాల వచ్చింది. ‘అడాప్టివ్ రీయూజ్’, అంటే పాత కట్టడాన్ని కొత్త పనికి వాడుకోవడం, అనే మాట ఇక్కడెవరికీ తెలియని రోజుల్లో దర్బారులు జరిగినచోట చదువులు సాగాయి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మరీ ఘోరం. 1939లో కాలేజీగా తెరిచారు, నేటికీ కాలేజీగానే వాడుతున్నారు. ఇంత పాతకాలపు అలవాట్లున్న ఊళ్లో ఆధునికీకరణ అంత తేలిక కాదు. ఓపిక కావాలి, సిమెంటు కావాలి.

మొదటి దెబ్బ గోడమీద వేయాలి. రెండడుగుల మందం, సున్నం పూత. నేలలోంచి పైకెక్కిన చెమ్మను ఆ సున్నం గాలికి వదిలేస్తూ ఉంటుంది. అడుగున కాస్త పొడి రాలుతుంది, నాలుగేళ్లకోసారి పూత వేస్తే సరిపోతుంది. ఈ సదుపాయాన్ని వెంటనే ఆపాలి. పాత పూత గీకించి సిమెంటు ప్లాస్టరు కొట్టించి, దానిమీద నిగనిగలాడే ఎమల్షన్ వేయించండి. బయటికి దారిలేని చెమ్మ గోడలోనే ఇంకా పైకి పాకుతుంది. దాంతో వచ్చిన ఉప్పు ప్లాస్టరు వెనక గడ్డకట్టి పొంగుతుంది. రెండు వానాకాలాలు గడిచాక పెచ్చు ఊడుతుంది, ఊడుతూ లోపలి ఇటుక మొహాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. అప్పుడు ‘భవనం శిథిలావస్థకు చేరుకుంది’ అని ఫైల్లో రాయడానికి ఫొటోతో సహా ఆధారం దొరుకుతుంది.

కమిటీలో ఎవరో ఒక చాదస్తుడు డంగు సున్నం ఊసెత్తుతాడు. కంగారు పడొద్దు, తయారీ వివరం అడగండి. రాతి సున్నాన్ని గుంతలో నీళ్లు పోసి చల్లార్చాలి. వారాలపాటు మాగనివ్వాలి. ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో వెన్నలా రుబ్బాలి. కరక్కాయ కషాయం, బెల్లం నీళ్లు పోయాలి. పలచటి పొరలుగా పూస్తూ, ప్రతి పొరనూ రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. అది గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, పూర్తిగా ముదరడానికి నెలలు పడుతుంది. మార్చి 31 అంటే ఏమిటో సున్నానికి తెలియదు. ఇక ఎస్టిమేటులో బెల్లం కనబడగానే ఇది సివిల్ పనుల పద్దా, క్యాంటీన్ పద్దా అని ఆడిట్ వారు అడగకమానరు. చాదస్తుడు అక్కడితో కూర్చుంటాడు.

తర్వాత చల్లదనం సంగతి. ఇరవై అడుగుల ఎత్తు గదుల్లో పైకప్పు కింద రోషన్‌దాన్‌లు, అంటే గాలీ వెలుతురూ ఆడే చిన్న కిటికీలు ఉంటాయి. వేడిగాలి పైకి లేచి వాటిలోంచి పోతుంది. కరెంటు బిల్లు రాదు కాబట్టి దీన్ని వ్యవస్థ అనలేం. ప్లైవుడ్ ముక్కలతో మూయించి, పదడుగుల ఎత్తులో ఫాల్స్ సీలింగ్ కట్టించి, ఏసీలు బిగించాలి. బ్రాకెట్ల ఇనుప బోల్టులు రాతిలో తుప్పుపట్టి ఉబ్బుతాయి, రాయి పగులుతుంది. అది కాంట్రాక్టరు గ్యారంటీ ముగిశాక జరిగే విషయం.

ఫాల్స్ సీలింగ్ గొప్పతనం వేరే. కప్పు కారితే కనబడదు. టేకు దూలం చివర గోడలో దిగినచోట చెమ్మ పట్టి పుచ్చితే కనబడదు. చెదలెక్కినా కనబడదు. కనబడేదల్లా జిప్సం పలకమీద చాయ్ రంగు మరక ఒక్కటే. పలక మార్చితే మరక పోతుంది.

కప్పు ఎందుకు కారుతోందని ఎవరూ ఎక్కి చూడకూడదు. ఎక్కితే నీళ్లు పోయే తూములో రావి ఆకులు, పావురాల ఈకలు కనిపిస్తాయి. ఒక కూలీ, ఒక పార, ఒక పూట చాలు. దానికి టెండరు పిలవడం కుదరదు. అందువల్ల నాలుగంగుళాల కాంక్రీటు పరవాలి. అంటే చదరపు మీటరుకు దాదాపు 240 కిలోల అదనపు బరువు. ఆపైన వెయ్యి లీటర్ల ట్యాంకులు నాలుగు పెడితే నాలుగు టన్నులు. పిట్టగోడలో మొలిచిన రావిచెట్టును పైపైన నరికించండి చాలు. వేరు రాళ్ల మధ్య క్షేమంగా ఉండి వచ్చే వానలకు కొత్త చిగుళ్లు వేస్తుంది. రాయి విప్పి వేరు తీసి సున్నంతో మళ్లీ పేర్చమనేవాళ్లు పర్యావరణ ద్రోహులు.

డిజిటల్ లైబ్రరీని మేడమీదే పెట్టాలి, పుస్తకాల బీరువాలతో సహా. తరగతి గదికి చదరపు మీటరుకు 300 కిలోలు లెక్కగడితే, పుస్తకాల రాక్‌ల గదికి 600 కట్టమంటుంది భారతీయ ప్రమాణం. పాత దూలాలకు ఆ ప్రమాణం చదివి వినిపించినవారు లేరు. దివ్యాంగుల ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. అయిదడుగుల అరుగుకు అరవై అడుగులు, మధ్యలో ఆగే చోటు అదనం. మనం పదడుగుల్లో ముగించి, పైన నీలం బోర్డు పెట్టి, ప్రారంభోత్సవం రోజున పూలకుండీలతో అడ్డం కట్టేస్తాం.

చట్టమంటారా, హైదరాబాదు వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న పాత 13వ రెగ్యులేషన్‌ను 2015లో ఎత్తేశారు, 2017లో వారసత్వ చట్టం వచ్చింది. మధ్యలో పావురాలే కాపలా.

చివరికి భవనానికి పరీక్ష పెట్టాలి. కాంక్రీటు గట్టిదనం కొలవడానికి తయారైన రీబౌండ్ హ్యామర్ తెచ్చి సున్నపు గోడమీద కొట్టండి. సిలబస్‌లో లేని ప్రశ్నకు ఎవరైనా ఫెయిలవుతారు. యూనివర్సిటీలో ఇది కొత్త కాదు. రీవాల్యుయేషన్‌కు భవనం దరఖాస్తు పెట్టుకోలేదు కనుక తాళం వేసి, విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాలు లోపల పేర్చి, వెనకాల అయిదంతస్తుల బ్లాకుకు శంకుస్థాపన చేయవచ్చు. ఆ బ్లాకుకు హెరిటేజ్ లుక్ తప్పనిసరి. ముఖభాగానికి ఫైబర్ కమానులు అతికించి, కిటికీల పైన రోషన్‌దాన్‌లు కూడా పెట్టిస్తారు. గాలి రాదు, పోదు. ఎస్టిమేటులో వాటి పేరు ‘రోషన్‌దాన్, డమ్మీ’, నగానికి ఇంత అని.