లావు తీగలేస్తేనే గిటారా?

వారం నుంచి ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది, నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. ఎకౌస్టిక్ గిటార్‌కి తీగలు ఎలా ఎంచుకోవాలో చెప్పే "ఐదు నిజాలు" అట. నేర్చుకునేవాళ్ళు మొదటి రోజు నుంచే లావు తీగలు వేసుకోవాలి, అప్పుడే వేళ్ళు గట్టిపడి సౌండ్ నిండుగా వస్తుంది. నైలాన్ అయినా స్టీల్ అయినా ఏ గిటార్‌కైనా వేసుకోవచ్చు. బ్రాంజ్ అసలు సరుకు, ఫాస్ఫర్ బ్రాంజ్ ఉత్త పూత. కోటెడ్ తీగలు (పైన పల్చని ప్లాస్టిక్ పూత ఉన్నవి) వేస్తే ఇక మార్చే పనే లేదు. మామూలువి పాతబడితే నీళ్ళలో మరిగిస్తే కొత్తవైపోతాయి. చివర్లో షరా మామూలే, పది మందికి పంపండి.

లావు తీగల సంగతి ముందు చూద్దాం, ఎక్కువమందిని పాడుచేసేది అదే. తీగ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు, సెట్‌ని సన్నని తీగ అంకెతో పిలుస్తారు: 10 అంటే ఎక్స్‌ట్రా లైట్, 11 కస్టమ్ లైట్, 12 లైట్, 13 మీడియం. కవర్ మీద "లైట్" అని చూసి ఇదే అన్నిటికన్నా మెత్తనిదనుకుని 12 కొనేసేవాళ్ళు ఎంతమందో. 10కీ 12కీ తేడా ఎంతలే అనిపిస్తుంది గానీ, అదే శ్రుతిలో నిలబెట్టాలంటే తీగ బిగువు మందం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది, అంటే మొదటి తీగ మీద 44 శాతం ఎక్కువ. 12 సెట్‌లో ఆరు తీగలూ కలిసి బ్రిడ్జ్‌ని, అంటే బాడీ మీద తీగల్ని పట్టుకునే చెక్కని, 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి, పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు వేలాడదీసినట్టు లెక్క. 13 వేస్తే ఇంకో పది కిలోల దాకా అదనం. పెద్ద బాడీ గిటార్ మీద ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే బిళ్ళతో) గట్టిగా వాయించేవాళ్ళకి దానివల్ల సౌండ్ పెరిగే మాట నిజమే, కాదనను. కానీ నొక్కడానికే వేళ్ళు సరిపోని వాడికి లావు తీగ మీద సగం నొక్కిన కార్డ్ టప్ టప్ మంటుంది తప్ప నిండుగా మోగదు. సన్న తీగల మీద కూడా వేళ్ళు కాయలు కాస్తాయి, దానికి రోజూ వాయించడం ఒక్కటే చాలు.

పైగా వేళ్ళ నొప్పికి చాలాసార్లు కారణం తీగే కాదు, తీగ ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీకి) ఎంత ఎత్తులో ఉందన్నది. చవక గిటార్లలో 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండటం నేను చాలాసార్లు చూశాను, రెండు రెండున్నర ఉంటే హాయి. ఇంట్లోనే చూసుకునే పద్ధతొకటుంది. మూడో ఫ్రెట్‌లో తీగ నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ మీద చూడండి: అక్కడ కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. లేదా మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) బిగించి వాయించండి, ఒక్కసారిగా చెయ్యి తేలికపడిందంటే నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడులు పైకున్నాయని అర్థం, తెలిసినవాడి చేత ఆకురాయి పెట్టిస్తే అయిపోతుంది. ఈలోగా అన్ని తీగలూ హాఫ్ స్టెప్ (అర స్వరం) దించి ట్యూన్ చేసుకున్నా బిగువు 11 శాతం తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు.

ఇక నైలాన్, స్టీల్ ఏదైనా ఒకటేనన్న మాట. ఇది రాసినాయన గిటార్ లోపల ఎప్పుడూ చూసి ఉండడు. నైలాన్ సెట్ మొత్తం లాగేది 40 కిలోలకు అటూ ఇటూ, క్లాసికల్ గిటార్ పైచెక్కని, లోపలి పట్టీల్ని ఆ బరువుకి తగ్గట్టే పల్చగా చేస్తారు. కిందటేడు మా పక్కింటి కుర్రాడు తెచ్చి చూపించాడు: తలలో రెండు పొడుగు గాడులున్న క్లాసికల్ గిటార్, దానికి స్టీల్ తీగలు. ఎవరేశారంటే షాపతనే, "సౌండ్ బాగా వస్తుంది తమ్ముడూ" అని. బ్రిడ్జ్ వెనక అంచు కింద విజిటింగ్ కార్డు పెడితే లోపలికి వెళ్ళిపోయింది, పైచెక్క బొర్రలా ఉబ్బింది. ఇక స్టీల్ గిటార్‌కి నైలాన్ వేస్తే ఏమీ విరగదు గానీ, మొదటి తీగే 28 మందం, 12 కోసం కోసిన నట్ గాడిలో దిగదు, దిగినా ఆ గట్టి చెక్కని కదిపే బలం దానికి లేదు. అన్నట్టు, చాలామంది అనుకున్నట్టు నైలాన్ పిల్లల కోసం పుట్టింది కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పేగు తీగలు దొరక్క, 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే గిటార్ తయారీదారు వీటిని చేస్తే, క్లాసికల్ గిటార్‌లో పేరుమోసిన సెగోవియా అంతటివాడు వాయించాడు.

మూడోది చదివి నవ్వొచ్చింది. గిటార్ తీగల మీద 80/20 బ్రాంజ్ అని ఉంటే 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు జింకు. రాగీ జింకూ కలిస్తే మన ఇళ్ళలో ఏమంటారు? ఇత్తడి. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో దాదాపు 92 పాళ్ళు రాగి, మిగతాది తగరం, చిటికెడు ఫాస్ఫరస్. అంటే నిజమైన కంచు అదే! వీళ్ళు పూత అని తీసిపారేసిందే అసలు సరుకు. వాయించి చూస్తే ఇత్తడిది మొదట్లో గలగలమంటుంది, తొందరగా మందగిస్తుంది. కంచుది కొంచెం వెచ్చగా మోగి ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఏది బాగుందన్నది మీ చెవి. ఇంతకీ ఈ గొడవంతా స్టీల్ మీద ఈ లోహం చుట్టిన నాలుగు లావు తీగలకే, సన్నని రెండూ ఏ సెట్‌లోనైనా ఉత్త స్టీలే.

కోటెడ్‌వి నిజంగానే ఎక్కువ రోజులొస్తాయి, చెమట చుట్ల సందుల్లోకి దిగదు కాబట్టి. విశాఖ, కాకినాడ గాలికి మామూలు తీగలు ఎంత త్వరగా తుప్పెక్కుతాయో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ ఫ్రెట్ తగిలే చోట నొక్కులు పడటం వాటికీ తప్పదు. మరిగించడం అంటారా, మురికి పోతుంది, రెండు మూడు రోజులు మెరుపొస్తుంది, ఆ నొక్కులు మాత్రం అలాగే ఉంటాయి. బేస్ గిటార్ వాళ్ళు సెట్ ఖరీదుకి భయపడి చేస్తారంటే అర్థముంది, మామూలు ఎకౌస్టిక్ సెట్ కోసం గ్యాస్ తగలెయ్యడం దేనికి? వాయించాక పాత నూలు గుడ్డతో తుడవండి.

ఇదంతా గ్రూపులో చెప్పాక, ఆ మెసేజ్ పంపినవాళ్ళలో ఒకాయన రాత్రి ఫోన్ చేశాడు. కాపో పెట్టి చూశాడట, కొత్తవాళ్ళని ఏడిపించే ఎఫ్ కార్డ్ ఆకారం ఇట్టే పడిందట. తెల్లారేసరికి గ్రూపులో ఆయన పోస్ట్: "13 సెట్, కవర్ కూడా విప్పలేదు, ఎవరికైనా కావాలా?"