ఆబోతుకు పరీక్ష ఉంది, ఆవుకేదీ?

కృత్రిమ గర్భధారణకు వీర్యం సేకరించి గడ్డకట్టించి నిల్వచేసే కేంద్రాల్లోని ఆబోతులకు టీబీ పరీక్ష తప్పనిసరి. మనకు పాలిచ్చే ఆవుకు, గేదెకు ఆ నియమం లేదు. దేశంలోని పశువుల్లో 7.3 శాతానికి, అంటే రెండు కోట్లకు పైగా పశువులకు ఈ జబ్బు ఉండొచ్చని పాత సర్వేలను కలిపి చూసిన ఒక అధ్యయనం 2018లో అంచనా వేసింది. అసలు లెక్క తేలాలంటే పరీక్షలు చేయాల్సిందే. ఏ పరీక్ష అన్న దగ్గరే చిక్కంతా ఉంది.

తోక మడతలో ఒకే సూది వేసి, చర్మం వాచితే టీబీ అనుకునే పద్ధతిలో పని త్వరగా అయిపోతుంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం రైతు మునుగుతాడు. మట్టిలో, నీటిలో ఉండే వేరే సూక్ష్మజీవులు సోకినా, పేగులకు వచ్చే జోన్స్ వ్యాధి ఉన్నా ఆ చర్మం వాచే అవకాశం ఉంది. అందుకే రెండు సూదుల పరీక్ష మేలు. మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు తీసి, కాలిపర్‌తో చర్మం మందం కొలుస్తారు. వేరే సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాపును పోల్చి చూసేందుకు ఒకచోట పక్షి క్షయ ట్యుబర్‌క్యులిన్ (క్షయ సూక్ష్మజీవుల నుంచి తీసిన ప్రొటీన్ల ద్రవం), ఇంకోచోట పశు క్షయ ట్యుబర్‌క్యులిన్ 0.1 మి.లీ. చొప్పున చర్మంలోకి ఎక్కిస్తారు. 72 గంటలకు మళ్లీ కొలుస్తారు. పక్షి సూది వాపు కంటే పశు సూది వాపు 4 మి.మీ. మించి ఎక్కువుంటేనే పాజిటివ్. బ్రిటన్ అనుభవంలో జబ్బులేని ఐదు వేల పశువుల్లో సుమారు ఒక్కదానికే తప్పుగా పాజిటివ్ వస్తుంది. అయితే జబ్బున్న ప్రతి ఐదింటిలో ఒకటి దొరక్కుండా పోతుంది.

టీబీ సోకిన పశువు రక్తకణాలు విడుదల చేసే ప్రొటీన్‌ను కొలిచే ఇంటర్‌ఫెరాన్ గామా రక్తపరీక్షకు జబ్బున్న పదింటిలో తొమ్మిది దొరుకుతాయి. కానీ ఆరోగ్యంగా ఉన్న వందలో మూడు నాలుగింటికి అనవసరంగా టీబీ ముద్ర పడుతుంది. పైగా రక్తం దాదాపు ఒక రోజులోపే ల్యాబ్‌కు చేరాలి. ఏజెన్సీ గ్రామాల నుంచి అదెంత తిప్పలో చెప్పక్కర్లేదు.

బ్రిటన్‌లో పాజిటివ్ పశువును పరిహారమిచ్చి వధకు పంపుతారు. ఇక్కడ 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషిద్ధం. పరిహారం మాట ఎత్తకుండా పరీక్షలు మొదలుపెడితే, పాజిటివ్ ఆవు వచ్చే వారం సంతలో ఉంటుంది. రైతును తప్పుపట్టలేం. పాలు కాచుకునే అలవాటు మనల్ని చాలావరకు కాపాడుతోంది గానీ, కొట్టంలో పశువు దగ్గును పీల్చేవాళ్లను అది కాపాడదు. పశువుల నుంచి వచ్చే ఈ టీబీ, మనుషులకు టీబీకి ఇచ్చే పైరజినమైడ్ మందుకు చాలావరకు లొంగదు కూడా.

రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు ప్రభుత్వ క్షేత్రాలు, గోశాలలు, పెద్ద డెయిరీల్లో రెండు సూదుల పరీక్షను ముందుగా మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. పాజిటివ్ పశువును విడిగా ఉంచే కొట్టం, మేత ఖర్చు, రైతుకు పరిహారం బడ్జెట్‌లో ముందే చూపించాలి. దూడలకు బీసీజీ టీకా వేయాలనుకుంటే పాత ట్యుబర్‌క్యులిన్ పనికిరాదు, టీకా వేసిన దూడకూ పాజిటివ్ చూపిస్తుంది. టీకాను, జబ్బును వేరుచేసి చెప్పే కొత్త యాంటిజెన్ (టీబీ సూక్ష్మజీవిలో ఉండి, టీకాలో లేని ప్రొటీన్లు) చర్మ పరీక్షను అప్పటికి సిద్ధం చేసుకోవాలి.