తెర కింద తెలుగు ఏదీ?

“వినపడుతోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు.” వయసు మళ్లినవారు టీవీ ముందు కూర్చుని అనే ఈ మాటను ఇంట్లోవాళ్లు చాదస్తంగా కొట్టిపారేస్తారు. అందులో చాదస్తమేమీ లేదు. వయసు వల్ల గానీ, ఏళ్ల తరబడి మోత మధ్య పనిచేయడం వల్ల గానీ వచ్చే వినికిడి లోపం ముందు సన్నని ధ్వనులను మింగేస్తుంది. అచ్చులు చెవికి చేరతాయి. స, ష, త, క, ప లాంటి హల్లులు జారిపోతాయి. ‘పాలు’ అన్నారో ‘కాలు’ అన్నారో తేలదు. వాల్యూమ్ పెంచితే అచ్చులు మరింత మోగుతాయే తప్ప పోయిన హల్లు తిరిగి రాదు. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో, పోర్టులో పనిచేసి రిటైరైనవారు వేల సంఖ్యలో ఉన్న ఊరు మన విశాఖ. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో పక్క వాటాకు కూడా వినిపించేలా సీరియల్ పెట్టుకున్న ఇంటికి మరో స్పీకర్ కొనిపెట్టి లాభం లేదు. తెర కింద అక్షరాలు కావాలి.

క్లోజ్డ్ క్యాప్షన్ అంటే ఆ అక్షరాలే. సబ్‌టైటిల్ సాధారణంగా భాష రానివారి కోసం; మాటను మాత్రం రాసి ఊరుకుంటుంది. క్యాప్షన్ వినపడనివారి కోసం. మాట్లాడుతున్న మనిషి తెర మీద లేకపోతే పేరు చెబుతుంది. తలుపు తట్టిన చప్పుడు, వంటింట్లో కుక్కర్ విజిల్, దూరంగా రైలు కూత కూడా రాస్తుంది. కావాలంటే వేసుకోవచ్చు, వద్దంటే తీసేయవచ్చు.

ఇళ్లలో జరిగే పొరపాటు తరచుగా ఒకటే. టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్యాప్షన్ ఆన్ చేస్తారు. ఛానల్ మీద ఏమీ రాదు. ‘మన టీవీలో లేదు’ అని వదిలేస్తారు. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మనూ శబ్దాన్నీ తెస్తుంది గానీ క్యాప్షన్ సమాచారాన్ని తేదు. అక్షరాలను బొమ్మ మీద అద్ది పంపాల్సింది బాక్సే. అందుకని టీవీ రిమోట్ పక్కన పెట్టి బాక్సు రిమోట్ తీసుకోవాలి. దాని మీద ‘సబ్‌టైటిల్’ అనో ‘సీసీ’ (క్లోజ్డ్ క్యాప్షన్) అనో బటన్ ఉందేమో చూడాలి. లేకపోతే మెనూలో సెట్టింగ్స్‌కు వెళ్లి, భాష లేదా ఆడియో అన్నచోట వెతకాలి. టీవీలోని క్యాప్షన్ సెట్టింగ్ పనికొచ్చేది యాంటెన్నా వైరు నేరుగా టీవీకే తగిలించినప్పుడు, లేదా టీవీలోనే ఉన్న యాప్‌లు చూసేటప్పుడు.

యాప్‌ల సంగతి కొంత సులువు. ఆండ్రాయిడ్, గూగుల్ టీవీల్లో సెట్టింగ్స్, ఆపై సిస్టమ్ లేదా డివైస్ ప్రిఫరెన్సెస్ కింద యాక్సెసిబిలిటీ, అందులో క్యాప్షన్స్. ఫైర్ టీవీ స్టిక్‌లోనూ యాక్సెసిబిలిటీ కిందే ఉంటుంది. సినిమా నడుస్తుండగా ఆడియో, సబ్‌టైటిల్స్ జాబితా తెరిస్తే భాష పేరు పక్కన ‘సీసీ’ గుర్తు ఉన్నది ఎంచుకోవాలి. చప్పుళ్లు కూడా రాసినది అదే. నెట్‌ఫ్లిక్స్‌లో అక్షరాల సైజు, రంగు ఫోన్ లేదా కంప్యూటర్ బ్రౌజర్‌లో ఖాతా తెరిచి, ఆ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

ఆన్ చేశాక కూడా రెండు చిక్కులున్నాయి. కింది వరుస సగం తెగి కనిపిస్తే తప్పు క్యాప్షన్‌ది కాదు. పిక్చర్ సైజు జూమ్‌లో ఉండి అంచులు తెర బయటికి పోతున్నాయి. దాన్ని 16:9కో, స్క్రీన్ ఫిట్‌కో మారిస్తే వరుస లోపలికి వస్తుంది. వార్తా ఛానళ్లలో స్క్రోలింగ్ మీద క్యాప్షన్ పడి రెండూ చదవలేని పరిస్థితి వస్తుంది. క్యాప్షన్ స్టైల్‌లో నేపథ్యాన్ని పూర్తి నలుపు చేసి, అక్షరాలకు తెలుపో పసుపో పెట్టాలి. పారదర్శక నేపథ్యం అందంగా ఉంటుంది గానీ కంటికి అందదు.

తెలుగు అక్షరాల దగ్గరికొస్తే ఇంకా జాగ్రత్త కావాలి. మన లిపి పైకీ పెరుగుతుంది, కిందికీ పెరుగుతుంది. పై వరుసలోని ఒత్తు వెళ్లి కింది వరుసలోని గుడి మీద కూర్చుంటుంది. ఇంగ్లిష్‌కు సరిపోయిన సైజు తెలుగుకు చాలదు. నార్మల్ నుంచి లార్జ్‌కు పెంచాల్సిందే. పదడుగుల దూరంలో సోఫా వేసుకున్న ఇంట్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో సినిమా చూసేవారు సబ్‌టైటిళ్లు ఉండే ఎస్ఆర్‌టీ ఫైలును సినిమా ఉన్న ఫోల్డర్లోనే, సినిమా పేరుతోనే పెట్టాలి. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో సేవ్ చేయకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి. తెలుగు ఫాంట్ లేని టీవీలో వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. ఫాంట్ ఉన్నా ఒత్తులు కలపడం రాని టీవీలో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం మూడు ముక్కలై విడివిడిగా నిలబడుతుంది. ఈ ఆఖరి లోపాన్ని సెట్టింగ్‌తో సరిచేయలేం. టీవీ కొనేముందే డాబాగార్డెన్స్ షోరూములో ఒక తెలుగు ఎస్ఆర్‌టీ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి చూపించమని అడగాలి. అయిదు నిమిషాల పని.

ఇంతా చేసి బటన్ నొక్కితే మన ఛానళ్లలో చాలా కార్యక్రమాలకు వచ్చేది ఖాళీ. మీట ఉంది, దాని వెనుక రాసినవారు లేరు. సాంకేతికంగా తెలుగు కుదరదన్న సాకు ఇక చెల్లదు. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం 1993 జులై నుంచి 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ క్యాప్షన్ చూపే చిప్ తప్పనిసరి అయింది. ఆ పాత పద్ధతి ఇంగ్లిష్‌లాంటి భాషల అక్షరాలకే, వరుసకు 32 చొప్పున, పరిమితం. మన డీటీహెచ్, డిజిటల్ కేబుల్ వాడుతున్న డీవీబీ పద్ధతిలో సబ్‌టైటిల్‌ను చిన్న బొమ్మగానే పంపవచ్చు. బొమ్మకు లిపితో పేచీ లేదు. ఫాంట్ లేని బాక్సులోనూ ‘స్త్రీ’ స్త్రీగానే వస్తుంది.

చట్టమూ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మీడియాలో క్యాప్షన్లు, సైగల భాష అనువాదం ఏర్పాటు చేయాలని ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2019 సెప్టెంబర్‌లో టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు ఇచ్చింది. ప్రత్యక్ష వార్తలు, క్రీడలకు మినహాయింపు కూడా అందులోనే ఇచ్చేసింది. ఈ మినహాయింపు దగ్గరే మా అభ్యంతరం. విశాఖవాసికి ప్రత్యక్ష వార్తల విలువ ఏమిటో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చెప్పింది. తుపాను తీరం దాటాక కరెంటే ఉండదు. అక్షరం అవసరమయ్యేది అంతకు ముందు రెండు రోజులు. ఫలానా వాడ ఖాళీ చేయమని, ఫలానా బడిలో శిబిరం ఉందని మైకు ముందు అధికారి చెబుతుంటే కింద స్క్రోలింగ్‌లో మరో వార్త పరుగెడుతుంటుంది. స్క్రోలింగ్ క్యాప్షన్ కాదు. పెదగంట్యాడలో, భీమిలిలో వినపడని మనిషి ఉన్న ఇల్లు ఆ క్షణంలో పక్కింటివారి దయ మీద ఆధారపడుతుంది.

ఛానళ్లు క్యాప్షన్ వేసేదాకా ఇంటి ఉపాయం ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ పెట్టుకుని, భాష తెలుగు ఎంచుకుని, ఫోన్‌ను టీవీ స్పీకర్‌కు అడుగు దూరంలో ఉంచితే మాటలు అక్షరాలవుతాయి. ఫ్యాను గాలి మైకు మీద పడకూడదు, నెట్ ఉండాలి. నేపథ్య సంగీతం హోరెత్తే సీరియల్‌లో తడబడుతుంది. ఒక్కరే చదివే వార్తలకు బాగానే పనికొస్తుంది. ఊర్ల పేర్లు తప్పుపడవచ్చు గనుక తుపాను వేళ దీన్నే నమ్ముకోకూడదు.

రాయడంలో ఛానళ్లకు చెప్పాల్సింది ఒక్కటే. పాత్ర ‘ఏటి, ఇప్పుడొచ్చినావు?’ అంటే అలాగే రాయండి. ‘ఏమిటి, ఇప్పుడు వచ్చావు’ అని దిద్దకండి. పెదవుల కదలికకూ అక్షరానికీ పొత్తు తప్పితే చదివేవారు రెండింటికీ దూరమవుతారు. ‘వెళ్లిపోవాల్సివచ్చింది’ మనకు ఒక్క మాట. ఇంగ్లిష్‌లో క్యాప్షన్ వేగానికి వాడే నిమిషానికి ఇన్ని పదాలన్న లెక్క ఇక్కడ పనికిరాదు. రెండు వరుసలు మించకుండా, చదివే వ్యవధి చూసి నిలపాలి.

ఇందుకు కొత్తగా పెద్ద ఖర్చేమీ లేదు. సీరియల్ డైలాగులు షూటింగ్‌కు ముందే కాగితం మీద ఉంటాయి. వార్తలు చదివేవారి ముందు ప్రాంప్టర్‌లో ఆ వాక్యాలు తెలుగులో టైపై సిద్ధంగా ఉంటాయి. స్టూడియోలో ఒక్కరికి కనిపిస్తున్న ఆ అక్షరాలను ఇంట్లో చూసేవారికి కూడా చూపించమని ఛానళ్లను కోరుతున్నాం. ఈ ఏడాది తుపానుల కాలం మొదలయ్యేలోగా, కనీసం సాయంత్రం బులెటిన్‌తో.