ముక్కు చేసిన నిర్వాకం

మా వియ్యపురాలిని నేను కావాలని గేటు దగ్గర ఆపలేదు. ఈ మాట మా అమ్మాయికి చెప్పాను, అల్లుడికి చెప్పాను, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శికి కాగితం మీద రాసి సంతకం పెట్టి మరీ ఇచ్చాను. ఒక్కరూ నమ్మినట్టు లేరు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదివిన వాళ్లే తీర్పు చెప్పండి.

ఉగాదికి ఆవిడ మా ఇంటికి వస్తూ ఒక సన్నని పెట్టె తెచ్చారు. నారింజ తొక్కలను పాకంలో ఉడికించి, ఆరబెట్టి, సగం దాకా నల్ల చాక్లెట్‌లో ముంచిన పుల్లలు. ఫ్రాన్సులో ఒరాంజెట్ అంటారట, పెద్దబ్బాయి పారిస్ నుంచి పట్టుకొచ్చాడట. నేను ఒకటి నోట్లో వేసుకుని బాగున్నాయన్నాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "ఇవి మనం ఇంట్లో చేయడం కుదరదు వదినగారూ, మన వాతావరణానికి పడవు" అన్నారావిడ. అన్నది వాతావరణాన్నే. నాకు మాత్రం మరోలా వినిపించింది. నలభై మందికి ఒంటిచేత్తో బూరెలు వండిన మనిషిని పట్టుకుని కుదరదంటారా?

వరలక్ష్మీ వ్రతానికి ఆవిడను పేరంటానికి పిలిచాం. తాంబూలంతో పాటు పళ్లెంలో ఆ పుల్లలు పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆవిడ ముఖం చూడాలని నా కోరిక. పెద్ద కోరికేమీ కాదు.

శ్రావణంలో మంచి కమలాపళ్లు ఎక్కడ దొరుకుతాయి? అయినా నల్లగొండ బత్తాయి ఉండగా బెంగ ఎందుకనుకున్నాను. తొక్కలు నాకు, రసం మా వారికి. రెండు పూటలా గ్లాసు నిండా బత్తాయి రసం చేతికిస్తుంటే ఆయన మొదట మురిసిపోయారు, తర్వాత అనుమానపడ్డారు, చివరికి "నా రిపోర్టులు ఏవైనా వచ్చాయా? ఉన్నదున్నట్టు చెప్పు, నేను తట్టుకోగలను" అన్నారు. మన ఇళ్లలో బత్తాయి రసం ఎవరికి ఇస్తారో ఆయనకు తెలుసు.

తొక్క లోపలి తెల్లటి పొరలో చేదు ఉంటుంది. నీళ్లు పోసి మరిగించి పారబోయాలి, మళ్లీ పోసి మరిగించి మళ్లీ పారబోయాలి, మూడోసారి కూడా అంతే. తర్వాత తొక్కలతో సమానంగా పంచదార తూచి పాకం పెట్టి, తొక్కలు గాజులా మెరిసేదాకా సన్నని సెగ మీద ఉంచాలి. పాకం ముదిరితే తొక్కలు పళ్లకు పరీక్ష పెడతాయి. మా అమ్మ దగ్గర పాకం పట్టడం నేర్చుకున్నదాన్ని, ఆ భాగం గురించి ఇంతకంటే చెప్పను. ఆరబెట్టడం గురించి అసలే చెప్పను. ఆ వానల్లో పంచదార పట్టిన తొక్క గాలిలోని తేమనంతా లాక్కుని జిగురుగా తయారైంది. ఫ్యాను కింద పెడితే గండుచీమలు వచ్చాయి. ఎలాగో ఆరాయి.

ఇక చాక్లెట్. చవకరకం కరిగించి ముంచితే పని తేలిగ్గా అయిపోతుంది. అందులో కోకో వెన్నకు బదులు వేరే నూనె కొవ్వులు ఉంటాయి కనుక కరిగించినా చల్లార్చినా పేచీ పెట్టదు. కానీ పారిస్ మీద పంతం పట్టినప్పుడు చవకరకం వాడతామా? పైగా మా పుట్టిల్లు ఏలూరు వైపు. అక్కడ కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతర పంటగా కోకో వేస్తారు. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశే ముందు. మా వాళ్లు గింజలను బస్తాల లెక్కన అమ్మి, చాక్లెట్‌ను మాత్రం అందరిలాగే గ్రాముల లెక్కన కొనుక్కుంటారు. కోకో వెన్న ఉన్న అసలు సరుకే తెప్పించాను.

కోకో వెన్నకు ఆరు రకాలుగా గడ్డకట్టే గుణం ఉందని అప్పుడే తెలిసింది. ఆ ఆరింటిలో ఐదో రకంగా గడ్డకడితేనే చాక్లెట్ మెరుస్తుంది, విరిస్తే ఫెటీల్మంటుంది. మిగతా రకాలైతే మెత్తగానో, వెలవెలబోయో ఉంటుంది. ఆ ఐదో రకం కోసం నల్ల చాక్లెట్‌ను 45 డిగ్రీలు దాటేదాకా కరిగించి, 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు తెచ్చి అక్కడే నిలబెట్టాలి. వంటింటి థర్మామీటరు మా ఇంట్లో లేదు. జ్వరం చూసే పాదరసం థర్మామీటరు ఉంది కానీ దాని గీతలు 35 దగ్గర మొదలవుతాయి. అంటే చాక్లెట్‌కు జ్వరం లేదన్న సంగతి వరకే అది చెప్పగలదు. పాతకాలం మిఠాయివాళ్లు కింది పెదవికి కొద్దిగా అంటించుకుని, కాస్త చల్లగా తగిలితే సరైన వేడి అని పోల్చుకునేవారట. నేనూ అంటించుకున్నాను. పెదవికి, ఆ తొందరలో ముక్కుకు కూడా అంటింది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ముంచడానికి ఫోర్కు వాడాలని వీడియోలోని అమ్మాయి చెప్పింది. ఫోర్కు అంచున తొక్క నిలవలేదు, గిన్నెలో మునిగిపోయింది. సరేనని బూరెల పిండిలో పూర్ణం ముంచినట్టు చేత్తోనే మొదలుపెట్టాను. పారిస్ వాళ్లు ఒక చివర పట్టుకుని రెండో చివర ముంచుతారు. ఒక చేత్తో తొక్కను తిప్పుతూ, రెండో చేత్తో కారుతున్న చాక్లెట్‌ను తుడుస్తూ ముంచడం నా పద్ధతి. కాసేపటికి రెండు చేతులూ మణికట్టు దాకా నల్లబడ్డాయి. అప్పుడు మోగింది ఫోను.

ఆ ఫోను మా గేటుది. గేటు దగ్గర ఒకప్పుడు నోటు పుస్తకం, దారంతో కట్టిన పెన్ను ఉండేవి. వచ్చినవాళ్లు పేరు రాసి లోపలికి వచ్చేవారు. మా సంఘం ఆధునికమైంది కనుక ఇప్పుడు యాప్ పెట్టారు. ఎవరైనా వస్తే కాపలావాడు వాళ్ల ఫొటో తీసి పంపుతాడు. మన ఫోను తెర మీద పచ్చ గుండ్రం, ఎర్ర గుండ్రం వెలుగుతాయి. పచ్చది నొక్కితే రావచ్చు, ఎర్రది నొక్కితే రాకూడదు. నిమిషంలోపు ఏదో ఒకటి తేల్చాలి. ఇంత కట్టుదిట్టం ఉండగానే మొన్న నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఇద్దరు ఐదో అంతస్తు దాకా ప్రతి తలుపూ తట్టారు. వాళ్లను ఎవరు రానిచ్చారని అడిగితే సంఘం ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉంది.

ఫోను పంచదార డబ్బాకు ఆనించి ఉంది. వీడియో మాయమై ఫొటో వచ్చింది. ఫొటోలో సగం నుదురు, రూపాయి కాసంత కుంకుమబొట్టు, పట్టుచీర అంచు. పేరు ఉండాల్సిన చోట "ఇతరులు" అని ఉంది. ఆ బొట్టును ఎక్కడ చూసినా గుర్తుపడతాను. రేపు రావలసిన వియ్యపురాలు ఈరోజే వచ్చేశారు.

చేతులు కడుక్కోవచ్చు కదా అని మా అమ్మాయి అడిగింది. కడుక్కోవచ్చు. కానీ కరిగిన చాక్లెట్‌లో నాలుగు నీటిబొట్లు పడితే చాలు, మొత్తం ఇసుక ముద్దలా బిగుసుకుపోతుంది. కడిగి, పొడిగా తుడుచుకుని వచ్చేలోగా గిన్నె చల్లారి నా 31 డిగ్రీలు కాస్తా ఏ 28కో దిగిపోతాయి. మా వారిని పిలిచాను. స్నానాలగదిలోంచి విష్ణు సహస్రనామం తప్ప జవాబు రాలేదు. మోచేత్తో నొక్కాను. నా జాకెట్టు మోచేతి దాకా ఉంటుంది, గుడ్డ తగిలితే ఆ తెరకు చలనం లేదు. కాలితో నొక్కే ఆలోచన కూడా వచ్చింది, కానీ గ్రానైటు గట్టు మీదికి కాలెత్తే వయసు ఎప్పుడో దాటిపోయింది. మిగిలింది ముక్కే.

మా వంశపు ముక్కు గురించి రెండు మాటలు చెప్పాలి. అది మా తాతగారి నుంచి వచ్చింది. పొడవుగా సాగి, చివర కాస్త ఎడమకు తిరిగి ఉంటుంది. పెళ్లిచూపుల్లో మా అత్తగారు దాన్ని "కోటేరు ముక్కు" అని మెచ్చుకున్నారు కానీ ఆ ఒంపును గమనించలేదు. మామూలు రోజుల్లో ఆ ఒంపు వల్ల ఎవరికీ నష్టం లేదు. పైగా ఎవరి ముక్కు చివర వాళ్లకు కనబడదు. కనబడాలని ప్రయత్నిస్తే కళ్లు రెండూ మధ్యకు వచ్చేస్తాయి, అప్పుడు ఒక పచ్చ గుండ్రం రెండవుతుంది. దానికి తోడు నా కళ్లద్దాల్లో దగ్గరి చూపు కింది సగంలో ఉంటుంది. తల వంచితే పై సగంలోంచి చూడాలి, ఆ సగం దూరంగా వచ్చే బస్సు నంబరు చదవడానికి. ఇన్ని అవాంతరాల మధ్య నేను పచ్చ గుండ్రాన్ని గురి చూసుకుని, ఊపిరి బిగబట్టి, వంగి, నొక్కాను.

"మీరు అతిథిని తిరస్కరించారు. ధన్యవాదాలు" అంది ఒక ఆడగొంతు, ఎంతో సంతోషంగా.

నా గురి తప్పలేదు. పోయిన వారం దాకా పచ్చది ఎడమవైపు ఉండేది. యాప్ కొత్త రూపం వచ్చిందంటూ ఎవరినీ అడగకుండా దాన్ని కుడివైపుకు మార్చారు. ఇల్లు సర్దినవాళ్లు కూడా ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారో చెబుతారు.

కథ అక్కడితో ముగియలేదు. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది: "ఈ వ్యక్తిని శాశ్వతంగా నిరోధించాలా?" కింద "అవును", "కాదు". నేను "వద్దు, వద్దు, కాదు!" అని గట్టిగా అరిచాను. ఆ ఆడగొంతుకు నోరే తప్ప చెవులు లేవు. మళ్లీ వంగాను. కళ్లద్దాలు జారి తెర మీద పడ్డాయి. వాటిని తొలగించడానికి చేతులు లేవు కదా, గడ్డంతో పక్కకు నెట్టాను. కళ్లద్దాలు పక్కకు వెళ్లాయి, గడ్డం వెళ్లి "అవును" మీద ఆనింది. ఈసారి ముక్కుకు ఏ సంబంధమూ లేదు, అది నేను రాసిచ్చిన కాగితంలో కూడా స్పష్టంగా ఉంది.

"ఈ వ్యక్తి ఇకపై ఈ ప్రాంగణంలోకి రాలేరు. మీ భద్రతే మా ధ్యేయం."

ఎలా కడుక్కున్నానో, లిఫ్టులో ఎవరు ఎదురుపడి ఎందుకు జడుసుకున్నారో వదిలేస్తాను. కిందికి వెళ్లేసరికి మా వియ్యపురాలు కాపలావాడి ప్లాస్టిక్ కుర్చీలో, ఒడిలో పూలబుట్టతో కూర్చుని ఉన్నారు. అతను తన ఫ్లాస్కులోంచి ఆవిడకు టీ పోసి ఇచ్చాడు. నన్ను చూసి ఆవిడ లేవలేదు. "మీకు వీలు కాదంటే వెళ్లిపోతాను వదినగారూ" అన్నారు.

"అయ్యో, ఎంత మాట! రండి లోపలికి" అని చెయ్యి పట్టుకున్నాను. కాపలావాడు అడ్డొచ్చాడు. "సిస్టమ్ ఒప్పుకోవడం లేదమ్మా. నిరోధించిన మనిషిని పంపితే నా జీతం కోస్తారు."

"నిరోధించింది నేనే కదయ్యా! నేనే రమ్మంటున్నాను."

"మీరు రమ్మన్నారమ్మా. యాప్ అనాలి కదా."

కార్యదర్శికి ఫోను చేశాను. నిరోధం ఎత్తేయాలంటే కమిటీలో ముగ్గురు ఒప్పుకోవాలట, ఇరవై నాలుగు గంటలు పడుతుందట. ముందు అసలు ఎందుకు నిరోధించానో కారణం నింపాలట. కారణాలు మూడే ఉన్నాయి: అనుమానాస్పద ప్రవర్తన, వేధింపు, చోరీ. నాలుగోది లేదా అని అడిగాను. "ఇంతవరకు ఎవరికీ అవసరం పడలేదండీ" అన్నారాయన. ఫోను స్పీకరులో ఉంది. వియ్యపురాలు టీ తాగడం ఆపారు.

కాపలావాడు మంచివాడు. నెలనెలా మేం కట్టే సొమ్ములో అతనికి అందేది ఎంతో నాకు తెలియదు కానీ, ఆ కమిటీ మొత్తం బుర్ర కంటే అతని బుర్ర నయం. "మనిషిగా పంపలేనమ్మా, పార్శిల్‌గా రాసుకుంటాను" అన్నాడు గొంతు తగ్గించి. నేను తల ఊపాను. అతను టాబ్లెట్ మీద వేలు పెట్టి, "సైజు అడుగుతోంది. చిన్నదా, మధ్యరకమా, పెద్దదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆవిడను ఒకసారి పైనుంచి కిందికి చూసి తనే ఏదో నొక్కాడు. ఏది నొక్కాడో నేను చూడలేదు. ఆవిడ చూశారు.

ఇంట్లో గిన్నెలోని చాక్లెట్ రాయిలా గడ్డకట్టి, పైన తెల్లటి చారలు తేలింది. అంతకుముందు ముంచిన నాలుగైదు పుల్లలు మాత్రం ఉన్నాయి. ఆవిడ ఒకటి కొరికారు. ఫెటీల్మనలేదు. "మన వాతావరణం..." అని మొదలుపెట్టి, నా ముక్కు వంక చూసి ఆగిపోయారు. ముక్కు కడుక్కోవడం మరిచిపోయాను.

వ్రతం అయ్యేదాకా ఆవిడ మా ఇంట్లోనే ఉంటారు. రాత్రి అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు నా ఫోను మోగింది. ఎవరికో అర్జెంటని మా వారు తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని, వార్తలు చదివినట్టు గట్టిగా చదివారు: "ఉదయం మీకు వచ్చిన పెద్ద పార్శిల్ ఇంకా బయటికి వెళ్లలేదు. వెనక్కి పంపేశారా?"