లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్ గారికి, ఒక ఎగ్జిస్టింగ్ కస్టమర్ రాసుకుంటున్న లేఖ

ఎల్‌ఓడీ గారూ, నమస్కారం.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. 2018లో మా కూకట్‌పల్లి ఫ్లాట్ కాగితాలన్నీ ఒక బ్రౌన్ కవర్లో పెట్టి, స్వీట్ బాక్సు కూడా పట్టుకొచ్చి మరీ మీ ఓనర్ల, అంటే నాకు హోమ్ లోన్ ఇచ్చినోళ్ళ చేతుల్లో పెట్టి వెళ్ళినోడిని నేనే. సేల్ డీడ్ ఒకటి, బిల్డరు ఇచ్చిన లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు ఆ ఆస్తి చేతులు మారిన కాగితాలు) నాలుగు, ఈసీ (ఆస్తి మీద ఏ లావాదేవీలు ఉన్నాయో చెప్పే కాగితం), ప్లాన్ కాపీ. ఆరోజు లిస్టు రాయించుకోవాలని తట్టలేదు, మొదటి ఇల్లు కదా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేసి బయటికొచ్చి సెల్ఫీ దిగాం.

తెలియనివాళ్ళ కోసం (తెలియకపోతే అదృష్టవంతులు) మీ గురించి రెండు ముక్కలు చెప్తా. హోమ్ లోన్ ఇంకో బ్యాంకుకి మార్చుకోవాలంటే, పాతోళ్ళ దగ్గర మన ఒరిజినల్స్ ఏమేం ఉన్నాయో పాతోళ్ళే ఒక పేజీలో టైప్ చేసి స్టాంప్ కొట్టి ఇవ్వాలి. అంతే మీరు. మీరొస్తే గానీ కొత్త బ్యాంకు చెక్కు రాయదు. అంటే నేను వెళ్ళిపోటానికి తాళంచెవి ఎవరి దగ్గరుందంటే, నేను వెళ్ళకూడదని కోరుకునేవాళ్ళ దగ్గరే ఉంది, పైగా దానికి ఫీజు 590, జీఎస్టీతో కలిపి. ఫ్లోటింగ్ రేటు (మధ్యలో పెరిగే తగ్గే వడ్డీ) ఇంటి లోన్ ముందే తీర్చేస్తే మాలాంటోళ్ళ మీద పెనాల్టీ వేయకూడదని రూలు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వెళ్ళిపోయే ఖర్చు ఇంకెక్కడుండేదో.

అసలు ఎందుకు వెళ్తున్నావని మీరు అడగరు, అయినా చెప్తా. 35 లక్షలు, 8.6 శాతం, ఇరవై ఏళ్ళు, ఈఎంఐ 30,600. బానే ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఆర్‌బీఐ రెపో రేటుని (బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5కి లాక్కుపోయింది, ఆ పది నెలలూ మీ ఓనర్లు ఎంత చురుగ్గా ఉన్నారంటే, నాకు పుట్టినరోజు మెసేజ్ అయినా లేటుగా వచ్చేది గానీ 'డియర్ కస్టమర్ మీ రేటు రివైజ్ అయింది' అన్నది మాత్రం టంచనుగా వచ్చేది. ఈఎంఐ పెంచలేదు, దయగలవాళ్ళు, నెలలు పెంచారు. రేటు 10.1 దాకా పోయింది. తర్వాత 2025లో అదే రెపో నాలుగుసార్లు తగ్గి డిసెంబరుకి 5.25కి దిగింది. ఒకటింపావు తగ్గితే నాకు దక్కింది అర్ధ శాతం. 9.6. ఎక్కేటప్పుడు లిఫ్టు, దిగేటప్పుడు మెట్లు, అదీ మోకాళ్ళ నొప్పులతో.

ఇదేంటండీ అంటే 'మాది బ్యాంకు కాదు సార్, హౌసింగ్ ఫైనాన్స్' అన్నారు. నిజమే, 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి కట్టాలన్న రూలు బ్యాంకులకే, హౌసింగ్ ఫైనాన్స్ వాళ్ళకి పీఎల్‌ఆర్ అని వాళ్ళ సొంత బేస్ రేటు ఉంటుంది, దాన్ని వాళ్ళే పెట్టుకుంటారు వాళ్ళే తీసుకుంటారు. సరే అది వాళ్ళిష్టం. కానీ అదే వారం మీ ఓనర్ల యాడ్ నా ఫోన్లోనే వచ్చింది, హోమ్ లోన్ 7.9 నుంచి అని. ఫోన్ చేశా.

'అది కొత్త కస్టమర్లకి సార్.'

'మరి నేను?'

'మీరు ఎగ్జిస్టింగ్ సార్.'

ఎగ్జిస్టింగ్ అంటే ఏంటో ఆరోజు అర్థమైంది ఎల్‌ఓడీ గారూ. వీడు ఎక్కడికీ పోడులే అని.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశా. బాకీ 29 లక్షలు, 9.6 దగ్గర ఇదే ఈఎంఐ కడితే ఇంకా 178 నెలలు. ఒక బ్యాంకు 7.6 ఇస్తానంది, అదే ఈఎంఐ కడితే 145. ముప్పై మూడు ఈఎంఐలు తేడా, పది లక్షల దాకా. కొత్తచోట ప్రాసెసింగు, లీగల్ ఒపీనియను, వాల్యుయేషను, ఎంఓడీ (కాగితాలు కుదవ పెట్టినట్టు రాసుకునే పత్రం) స్టాంపు అన్నీ కలిపి పాతికవేలు అవుతుందన్నారు, అవనీ అనుకున్నా. మా ఆవిడ ఆ కాగితం చూసి మూడు సంవత్సరాలు మనం ఊరికే కట్టేవాళ్ళమా అని ఒక్క మాట అని పడుకుంది, నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మీ కోసం బ్రాంచికి వచ్చా. టోకెన్ మిషన్ పనిచేయట్లేదు, సెక్యూరిటీ అన్న పాత స్లిప్పులు సగానికి చించి వెనకాల పెన్నుతో నంబర్లు రాసి ఇస్తున్నాడు, నాది 14. గంటన్నర తర్వాత కౌంటర్ అబ్బాయి నా అకౌంట్ నంబర్ కొట్టి, స్క్రీన్ వైపు చూస్తూనే 'మీ డాక్యుమెంట్లు ఇక్కడ ఉండవు సార్, ముంబైలో స్టోరేజీలో ఉంటాయి' అన్నాడు. నేనింకా ముంబై చూడలేదండీ. మా ఫ్లాట్ కాగితాలు ఏడేళ్ళుగా అక్కడే కాపురం ఉంటున్నాయి. నేను అడిగింది కాగితాలు కాదు బాబూ, కాగితాల పేర్లు అన్నా. 'పేర్లు కూడా అక్కణ్ణుంచే రావాలి సార్.'

అప్లికేషన్ ఇచ్చి ఇంటికొచ్చానో లేదో ప్రేమ మొదలైంది. ఏడేళ్ళలో ఒక్కసారి పలకరించనివాళ్ళు మర్నాడు పది గంటలకల్లా ఫోన్ చేసి 'మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారు సార్' అన్నారు, గొంతులో నిజంగానే బాధ ఉంది. 8.4 ఇస్తాం, రేటు మార్చినందుకు కన్వర్షన్ ఫీజు 5,900 కట్టండి అన్నారు. వద్దన్నా. సాయంత్రానికి 8.1, ఫీజు మాఫీ. అంటే పొద్దున్న లేని రేటు సాయంత్రానికి ఎక్కడో బీరువా వెనకాల దొరికింది. అడగకపోతే ఎప్పటికీ దొరికేది కాదు, అదీ నా కడుపుమంట. పక్క ఫ్లాట్ ఆయన నాకంటే మూడేళ్ళు ముందు తీసుకున్నాడు, ఇప్పటికీ పదికి దగ్గర్లో కడుతున్నాడు, పాపం ఆయనకి మెసేజ్‌లు చదివే అలవాటు లేదు.

ఈలోపు మీరు రాలేదు. లోన్ తీరాక ఒరిజినల్స్ 30 రోజుల్లో ఇవ్వాలి, వాళ్ళ తప్పుతో లేటైతే రోజుకి 5,000 కట్టాలి అని ఆర్‌బీఐ 2023లో చెప్పింది, బ్రహ్మాండమైన రూలు, కానీ అది తీరాక. తీర్చటానికి కావాల్సిన మీకు ఆ గడియారం లేదు. నాకు మాత్రం ఉంది, పాత రేటుకీ కొత్త రేటుకీ తేడా రోజుకి 159 రూపాయలు. మా అమ్మ ఊర్నుంచి ఫోన్ చేసి విషయమంతా విని, 'ఒరేయ్, సేటు దగ్గర గాజులు కుదవ పెడితే అప్పటికప్పుడే చీటీ రాసిచ్చేవాడు కదరా, ఏం పెట్టామో దాంట్లోనే ఉండేది, చీటీ చూపిస్తే గాజులు చేతిలో పెట్టేవాడు, మీవాళ్ళకి ఇంత పెద్ద ఆఫీసు ఎందుకు మరి' అంది. నా దగ్గర సమాధానం లేదు, మీ దగ్గర ఉంటే చెప్పండి.

లోన్ ట్రాన్స్‌ఫర్ అడిగితే ఒప్పుకుంటారో లేదో 21 రోజుల్లో చెప్పాలని ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో (లోన్ ఇచ్చేవాళ్ళు కస్టమర్లతో ఎలా నడుచుకోవాలో చెప్పే రూల్స్) ఉందని మెయిల్లో రాశా, ఆ లైను బోల్డ్ చేసి. 19వ రోజు మీరు దిగారు. అప్పటికి మూడు వేలు ఖర్చయ్యారు మీరు. అయినా సంతోషంగానే తీసుకెళ్ళి కొత్త బ్యాంకు లాయర్ గారి ముందు పెట్టా, ఆయన కళ్ళజోడు పైకి జరిపి, సేల్ డీడ్ నంబరు మీద వేలు పెట్టి, నా జిరాక్స్ మీద ఇంకో వేలు పెట్టి, నా వైపు చూశారు. డీడ్ నంబర్ కరెక్టే. పక్కన సంవత్సరం మాత్రం 2018 బదులు 2013 అని ఉంది. అప్పటికి మా బిల్డింగుకి పునాది కూడా తీయలేదండీ.

కాబట్టి మీరు మళ్ళీ పుట్టాలి. తప్పు వాళ్ళదే కదా అంటే 'రీ-ఇష్యూ కింద వస్తుంది సార్' అన్నారు. ఇంకో 590. కట్టా. మళ్ళీ ముంబైకి వెళ్ళింది రిక్వెస్టు. ఈసారైనా సంవత్సరం సరిగ్గా వేసుకుని రండి, వచ్చేదాకా రోజుకి 159.

ఇట్లు,
మీ ఎగ్జిస్టింగ్

తా.క.: ఈసారి తెలివిగా కొత్త బ్యాంకు అమ్మాయిని ముందే అడిగా, మా ఒరిజినల్స్ తీసుకున్న రోజే నాకు లిస్టు స్టాంప్ వేసి ఇస్తారా అని. తప్పకుండా సార్ అంది. ఎక్కడ పెడతారమ్మా అవి, ఈ బ్రాంచిలోనేనా అన్నా. కాదు సార్, చెన్నై అంది.